మూడు కాలమ్‌ల కాగితం

పది నలభైకి రేకులు నొక్కే ప్రెస్సు దిమ్మ పెద్దమేస్త్రీ తల మీద దిగింది. పది నలభై ఒకటికి ఎవరో ఎర్ర మీట కొట్టి ప్రెస్సు ఆపారు. పదకొండూ పదికి పోలీసు స్టేషన్‌కి ఫోన్ వెళ్లింది. పన్నెండున్నరకల్లా పెద్దమేస్త్రీ అల్లుడు కింది పెదవి రెండుగా చీలి లాకప్ నేల మీద పడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ రేకుల షెడ్డులో అడుగుపెట్టేసరికి ఒంటిగంట ఇరవై. ఆ రోజు మూడింటికి పెద్దమేస్త్రీ ఆవిడ దగ్గరికే వచ్చి సాక్ష్యం చెప్పాలి. రెండు నెలల కిందట ఇదే ప్రెస్సు కింద ఒక పనివాడి కుడి చెయ్యి మణికట్టు దాకా నలిగి ఊడిపోయింది. ‘పనివాడి నిర్లక్ష్యం’ అని రాసి ఆ కేసు మూసేశారు. పై ఆఫీసు నుంచి దాన్ని మళ్లీ తెరిచింది ఆవిడ. సమన్లు పంపిందీ ఆవిడే. వస్తానని కబురు చేసిన మనిషి ఇప్పుడు రెండు మూటలుగా మార్చురీలో ఉన్నాడు.

“దిమ్మని జాకీలు పెట్టి లేపారట మేడమ్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ముప్ఫై ఏళ్ల సర్వీసులో అతను చూడని శవం లేదు. అయినా దిమ్మ కింది పీట వైపు చూడకుండా గోడకేసి చూస్తూ చెప్పాడు. “మెడ దాకా బాగానే ఉన్నాడు. ఆ పైన ఏమీ మిగల్లేదు.”

ఆవిడ పీట మీదికి వంగింది. ఇనప అచ్చు గాడిలో రక్తం గట్టిపడి పెళుసెక్కింది. రెండు పళ్లు గాడిలో ఇరుక్కుని ఉన్నాయి. అచ్చు తుడిచే పాతగుడ్డ కాగితంలా పలచగా నలిగి పీటకి అతుక్కుపోయింది. పెద్దమేస్త్రీ తొమ్మిదేళ్లుగా రోజూ టీ విరామంలో, సరిగ్గా పది నలభైకి, పీట మీదికి వంగి ఆ గుడ్డతో అచ్చు తుడిచేవాడట. ఈ షెడ్డులో గడియారం అక్కర్లేదు, మేస్త్రీ వంగితే టీ వేళ అని నవ్వుకునేవారట.

ఆ ప్రెస్సు పని తీరు ఇదీ. పీట మీద రేకు గానీ మరేదైనా గానీ పడితే దానికి తెలుస్తుంది. అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఆగి దిమ్మ తనంతట తానే దిగుతుంది. పీటకి అటూ ఇటూ రెండు స్తంభాలు, వాటి మధ్య కంటికి కనపడని వెలుగు. ఆ వెలుగుకి చెయ్యో తలో అడ్డం వస్తే దిమ్మ ఉన్నచోటే ఆగిపోతుంది. పనివాళ్లు దాన్ని ‘కన్ను’ అంటారు. కన్ను చూస్తుండగా మనిషి నలగాలంటే దారులు రెండే. ఒకటి, పక్కనున్న డబ్బాలో తాళం చెవి పెట్టి తిప్పి అలాగే ఉంచడం. రెండు, కన్నుని పట్టించుకోవద్దని చెప్పే ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ గది నుంచి ప్రెస్సుకి పంపడం.

తాళం డబ్బా పీటకి మూరెడు దూరంలో ఉంది. దాని ముఖం నిండా నెత్తుటి చిందులు. ఆవిడ జడలోంచి పిన్ను తీసి, తాళం రంధ్రంలో పెట్టి నెమ్మదిగా తిప్పింది. పిన్ను కొసన ఎండిన నెత్తురు పొట్టులా రాలింది.

“హెడ్డుగారూ, తాళం చెవి రంధ్రంలో ఉండగా నెత్తురు చిందితే, రంధ్రం లోపలికి ఎలా వెళ్తుంది?”

హెడ్డు గోడ మీంచి చూపు తిప్పాడు. “వెళ్లదు మేడమ్. సీసాకి బిరడా ఉంటే నీళ్లెలా వెళ్తాయి?”

“కాబట్టి చెవి లేదు.”

“ఏంటమ్మా, మా కేసులో పిన్నుతో పేలు వెతుకుతున్నారా?”

గుమ్మంలో నిలబడి ఉన్నాడు ఆ ఏరియా ఇన్‌స్పెక్టర్. డిపార్టుమెంటులో అతన్ని గానుగ అంటారు. ఎవణ్ణయినా సరే లోపల వేసి తిప్పితే ఒప్పుకోలు కారుతుందని అతనే చెప్పుకునేవాడు. కుడి పిడికిలికి చేతిరుమాలు చుట్టుకున్నాడు. రుమాలు మీద రెండు ఎర్రటి మరకలు ఉన్నాయి. అవి అతని నెత్తురు కాదు.

“పేలు దొరికినా మంచిదే సార్. తల దొరకలేదు,” అంది ఆవిడ.

గానుగ నవ్వలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఆవిడ ముందు విదిలించాడు. “చదువుకున్నవాళ్లు కదా, చదవండి. ప్రెస్సు ప్రోగ్రామ్ ఫైలు. పేరు, సైజు, చివరిసారి మార్చిన తేదీ. పోయిన నెల పద్నాలుగు, సాయంత్రం అయిదూ ఇరవై. ఆ తర్వాత ఒక్క అక్షరం మారలేదు. అంటే కన్ను తెరిచే ఉంది. అయినా దిమ్మ దిగిందంటే చెవి తిప్పి దింపినట్టే. చెవి ఎవడి జేబులో దొరికింది? అల్లుడి జేబులో. నిన్న సాయంత్రం ‘రేపటికి నువ్వుండవు’ అని మామ మీద అరిచిందెవడు? అల్లుడు. ఇంకేం కావాలి మీకు, ముహూర్తమా?”

ఆవిడ కాగితం పట్టుకుని చూసింది. మూడు కాలమ్‌లు, ఒకటే వరస. పైన మొదటి పంక్తిలో, కంప్యూటర్‌ని ఏమడిగారో ఆ కమాండ్ కూడా అచ్చయింది. అందులో సెలెక్ట్ అన్న మాట, దాని తర్వాత ఆ మూడు కాలమ్‌ల పేర్లు.

“ఇది ఎవరు తీయించారు?”

“నేనే. కంప్యూటర్ వాడి పక్కన నిలబడి, దగ్గరుండి తీయించా. వాడు పాతిక కాలమ్‌లు ఇస్తానన్నాడు. ఈ మూడు చాల్రా అన్నా. కోర్టువాళ్లకి పురాణం దేనికి?”

“మీరు ఇక్కడికి వచ్చింది ఎన్నింటికి?”

“పదకొండున్నర. డైరీలో రాసే ఉంది. నా డైరీ కూడా చూస్తారా?” గానుగ రుమాలు ముడి పళ్లతో బిగించుకున్నాడు. “మూడింటికి వాణ్ణి ఇక్కడికే తెస్తున్నా. ఎలా చంపాడో ఈ పీట దగ్గరే చేసి చూపిస్తాడు. నాలుగింటికి కోర్టు. అయిదింటికి మీరు ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చు.”

“ఒప్పుకున్నాడా?”

“ఇంకా గంటన్నర ఉందిగా.”

రంధ్రంలో నెత్తురు సంగతి ఆవిడ అతనికి చెప్పలేదు. కాగితం మాత్రం తిరిగి ఇవ్వకుండా తన ఫైల్లో పెట్టుకుంది.

*

పెద్దమేస్త్రీ కూతురు ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తుంది. అట్టపెట్టెల మధ్య బల్ల మీద కూర్చుని ఉంది. చెప్పులు లేవు. కాళ్లకి చీలమండల దాకా నెత్తురు ఎండిపోయి ఉంది. తండ్రి దగ్గరికి మొదట పరుగెత్తింది తనేనట.

“‘రేపటికి నువ్వుండవు’ అని మీ ఆయన అన్నాడా?”

“అన్నారు.” గొంతులో తడి లేదు. “‘సాక్ష్యానికి వెళ్లకు మావయ్యా, వెళ్తే రేపటికి నువ్వుండవు, వాళ్లు ఉండనివ్వరు’ అన్నారు. నాన్న కాళ్లు పట్టుకుని అన్నారు. అది బెదిరింపు కాదు మేడమ్, భయం.”

“ఆ మాట పోలీసులకి చెప్పావా?”

“మొదటి సగం చెప్పగానే, ‘ఆ ముక్క చాలమ్మా’ అని కాగితం మడిచేశారు ఆ సారు.”

ఇన్‌స్పెక్టరమ్మ పెన్ను ఆగింది. కావలసింది మాత్రమే అడిగి తీసుకోవడం ఆ మనిషికి కొత్త కాదన్నమాట.

“కన్నుని పట్టించుకోని ప్రోగ్రామ్ ఒకటి ఉందా ఇక్కడ?”

“ఉంది. ఫాస్ట్ అంటారు. ఆగి ఆగి దిగకుండా పని తొందరగా అవ్వాలని కంప్యూటర్ సారు చేశారు. అది వేసినా కన్ను దీపం పచ్చగానే వెలుగుతుంది. తేడా తెలీదు. ఆ చెయ్యి పోయిన రోజు వేసింది అదే. నాన్న కళ్లారా చూశాడు. అదే చెప్పడానికి ఇవాళ ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరాడు.” ఆ అమ్మాయి తల ఎత్తింది. “పొద్దున నాన్నని పీట మీంచి ఏరి మూట కట్టారు. ఆయన్ని స్టేషన్‌లో ఏం చేస్తున్నారో నాకు తెలుసు. సాయంత్రానికి నాకు ఇద్దరూ ఉండరు. మీరు ఆ సమన్లు పంపకపోయుంటే...”

వాక్యం ముగించలేదు. ముగించకపోయినా ఇన్‌స్పెక్టరమ్మకి అందింది. ఆవిడ వంగి, తన నీళ్ల సీసా మూత తీసి ఆ అమ్మాయి పాదాల దగ్గర పెట్టి లేచింది.

“మీ ఆయన నడిచి వస్తాడమ్మా. నేను మాట ఇవ్వను, చేసి చూపిస్తా.”

*

కంప్యూటర్ గదిలో చల్లగా ఉంది. ఇన్‌ఛార్జి ఇస్త్రీ చొక్కాలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. గోడ గడియారం రెండూ ముప్ఫై ఎనిమిది చూపిస్తోంది.

“ఇన్‌స్పెక్టర్ గారికి అంతా ఇచ్చేశాను మేడమ్.”

“నాకూ ఇవ్వండి. అదే కమాండ్ కొట్టండి.”

అతను నల్ల తెర తెరిచి టకటకా కొట్టాడు. మూడు కాలమ్‌లు వచ్చాయి. పేరు, సైజు, పోయిన నెల పద్నాలుగు.

“ఆ మూడు పేర్లు తీసేసి నక్షత్రం గుర్తు పెట్టండి.”

అతని వేళ్లు మీటల మీద ఆగాయి. ఇన్‌స్పెక్టరమ్మ ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్లు రికార్డు విభాగంలో, ఇలాంటి నల్ల తెర ముందే కూర్చుంది. ఏది అడిగితే అది చూపిస్తుంది. అడగనిది దాచదు, అలాగని తనంతట తానూ చెప్పదు.

“అన్నీ అడిగితే చాంతాడంత వస్తుంది మేడమ్. చదవలేరు.”

“రానివ్వండి. బావి ఎంత లోతో తెలుస్తుంది.”

“ఇన్‌స్పెక్టర్ గారు మూడు చాలన్నారు...”

“హెడ్డుగారూ, తలుపు మూయండి.”

ఇన్‌ఛార్జి నక్షత్రం కొట్టాడు. తెర మీద వరసలు జారాయి. ఆవిడ కుర్చీ లాక్కుని, అద్దం మీద వేలు పెట్టి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్క పంక్తీ చదివింది. పేరు. ఫోల్డర్. సైజు. చివరిసారి మార్చింది, పోయిన నెల పద్నాలుగు. ఆ కింది పంక్తి దగ్గర వేలు ఆగింది.

సృష్టించిన సమయం. ఈ రోజు. పది యాభై రెండు.

“చివరిసారి దిద్దింది పోయిన నెల. పుట్టింది ఇవాళ పొద్దున. ఆలూ లేదు చూలూ లేదన్న సామెతలా ఉందే. ఎలా ఇది?”

ఇన్‌ఛార్జి పెదాలు తడుపుకున్నాడు. “అది... వేరేచోట ఉన్న ఫైలుని కాపీ చేసి పెడితే, దిద్దిన తేదీ పాతదే వస్తుంది. పుట్టిన టైమ్ మాత్రం కాపీ చేసినప్పటిది పడుతుంది.”

“అంటే మేస్త్రీ తల నలిగిన పన్నెండు నిమిషాలకి, దాచిపెట్టిన మంచి ప్రోగ్రామ్‌ని ఎవరో తెచ్చి ఇక్కడ పెట్టారు. మరి పది నలభైకి ఇక్కడున్నది ఏది? ఫాస్ట్ కదూ?”

ఇన్‌ఛార్జి తలుపు వైపు చూశాడు.

“ఈ గది తాళం ఎవరి దగ్గరుంటుంది?”

“నా దగ్గరే.”

ఆవిడ వేలు ఇంకా కిందికి జరిగింది. అదే ఫోల్డర్లో ఇంకో ఫైలు ఉంది. ఆ మూడు కాలమ్‌ల రిపోర్టు. ప్రింటు తీయడానికి ముందు దాన్ని అక్కడే భద్రపరిచారు. నక్షత్రం దానికీ వర్తించింది. సృష్టించిన సమయం, ఈ రోజు, పది యాభై ఎనిమిది.

స్టేషన్‌కి ఫోన్ వెళ్లింది పదకొండూ పదికి. గానుగ వచ్చానని చెప్పింది పదకొండున్నరకి. ‘వాడి పక్కన నిలబడి, దగ్గరుండి తీయించా’ అన్నదీ గానుగే.

ఆవిడ ఆ లెక్క పూర్తిచేసేలోపు ఇన్‌ఛార్జి ఎడమచేత్తో ఒక మీట నొక్కి లేచాడు. కుడిచేతిలో జానెడు స్క్రూడ్రైవర్ ఉంది. ఆవిడ మెడకి గురిపెట్టాడు. హెడ్డు మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు. స్క్రూడ్రైవర్ అతని ముంజేతిలో ఒక పక్క దిగి రెండో పక్క కొస చూపింది. హెడ్డు ఎద్దులా రంకె వేశాడు. ఇన్‌ఛార్జి దాన్ని లాగి మళ్లీ ఎత్తాడు. ఆవిడ కుర్చీని అతని మోకాళ్ల మీదికి తన్నింది. అతను బల్ల అంచుకి ముఖం కొట్టుకుని పడ్డాడు. కళ్లద్దాలు పగిలి కనుబొమ్మలో దిగాయి. అయినా ఆవిడ కాలు పట్టుకుని లాగాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. స్క్రూడ్రైవర్ ఆవిడ భుజం చొక్కా చీల్చి చర్మం గీరింది. ఆవిడ అతని మణికట్టు దొరకబుచ్చుకుని, సొరుగులో పెట్టి, సొరుగుని బూటుతో మూసింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

హెడ్డు తన చేతి రుమాలు పళ్లతో బిగించి కట్టుకుంటూ అన్నాడు. “రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది మేడమ్. మా ఆవిడ నన్ను చంపేస్తుంది.”

ఇన్‌ఛార్జిని కిటికీ ఊచకి బేడీ వేశారు. అతను నెత్తుటి నోటితో నవ్వుతున్నాడు. “నన్నేం చేసినా... మూడింటికి అల్లుడు చచ్చి, నేరం ఒప్పుకున్నట్టవుతుంది. మామని చంపి, సిగ్గుతో తనే తల పెట్టాడంటారు.”

ఆవిడ బల్ల దగ్గరికి దూకింది. మీటల మీద నెత్తురు తుడవకుండానే పైబాణం నొక్కి, నక్షత్రం కమాండ్ మళ్లీ కొట్టింది. ప్రోగ్రామ్ పేరు అదే. సృష్టించిన సమయం మారిపోయింది. రెండు నలభై ఏడు. లేస్తూ అతను నొక్కిన మీట అదన్నమాట.

ఫాస్ట్ ప్రోగ్రామ్ ప్రెస్సుకి వెళ్లిపోయింది. బయట జీపు ఆగిన చప్పుడైంది. గడియారంలో రెండు యాభై ఆరు.

*

పనివాళ్లు ముప్ఫై మంది దాకా గోడల వెంట నిలబడి ఉన్నారు. పీట తుడిచేసి, ప్రెస్సు ఆన్ చేసి ఉంచారు. కన్ను దీపం పచ్చగా వెలుగుతోంది. అల్లుడి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నిలబడలేక స్తంభం పట్టుకున్నాడు. గానుగ అతనికి బేడీలు తీసి, చేతికి అందనంత దూరంగా, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

“నీ మామ ఎలా వంగాడో పీట మీద చెయ్యి ఆనించి వంగి చూపించరా. భయపడకు. ప్రోగ్రామ్ మంచిది, కన్ను చూస్తోంది, దిమ్మ దిగదు.”

అల్లుడు వంగబోయాడు.

“ఆగు!”

ఇన్‌స్పెక్టరమ్మ చిరిగిన భుజంతో పరుగెత్తుకొచ్చి, అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది. అతను బస్తాలా నేల మీద కూలాడు. ఆవిడ పీటకి అవతలి పక్కకి వెళ్లి నిలబడింది. చేతిలో హెడ్డు లాఠీ ఉంది.

“ముందు మీ చెయ్యి పెట్టండి సార్.”

“ఏంటీ?” అన్నాడు గానుగ.

“ప్రోగ్రామ్ మంచిదని కాగితం మీదే. కన్ను చూస్తోందన్న మాటా మీదే. చెయ్యి పెడితే పోయేదేముంది?”

“పిచ్చెక్కిందా? ముద్దాయిని నాకు అప్పగించి పక్కకి తప్పుకోండి.”

“ఆ కాగితం పది యాభై ఎనిమిదికి పుట్టింది సార్. స్టేషన్‌కి ఫోన్ పదకొండూ పదికి వచ్చింది. ఇంకా ఎవరూ పిలవకముందే మీరు కంప్యూటర్ గదిలో దగ్గరుండి తీయించారు. పుట్టిన టైమ్ కాలమ్ వద్దన్నది కూడా మీరే. ఆ రోజు ‘పనివాడి నిర్లక్ష్యం’ అని రాసిన చెయ్యి కూడా ఇదే కదా?”

షెడ్డులో గుసగుసలు లేచాయి. గానుగ పిడికిలి రుమాలు ఊడి కింద పడింది. ఆ చెయ్యి నడుం దగ్గరికి వెళ్లింది. రివాల్వర్ బయటికొచ్చింది. నాలుగడుగులూ ముందుకి వేసి, పీట మీదుగా, రెండు స్తంభాల మధ్య నుంచి చెయ్యి చాచి ఆవిడ నుదుటికి గురిపెట్టాడు. కోపంలో అతనికి ఎదురుగా ఆవిడ ముఖం ఒక్కటే కనిపించింది.

“ఇంకొక్క మాట మాట్లాడావంటే...”

ఆవిడ చేతిలోని లాఠీని, పడుకోబెట్టినట్టు, నెమ్మదిగా పీట మీద పెట్టింది.

చిన్న టక్కుమన్న చప్పుడు. అయిదు అంకెల లెక్క మొదలైంది. కన్ను దీపం పచ్చగానే ఉంది. దిమ్మ కదల్లేదు.

గానుగ చెయ్యి కదిలింది. నిప్పు తగిలినట్టు మోచేతి దాకా వెనక్కి లాక్కున్నాడు. రివాల్వర్ జారి నేల మీద పడింది. రెండు చేతులూ గుండెకి అదుముకుని, దిమ్మ వైపు తలెత్తి చూస్తూ, గోడ తగిలేదాకా వెనక్కి నడిచాడు. ముప్ఫై మందీ చూశారు.

గుమ్మంలో, నెత్తుటి పాదాలతో, మేస్త్రీ కూతురు నిలబడి ఉంది.

“ఇంకా దిగలేదు కదా సార్,” అంది. “మీకెలా తెలిసింది?”

అప్పుడు దిగింది.